ఓబులేసు మొక్కని మొక్కు

ఓబులేసుకు కుదురు లేదు. ఇది కిట్టనివాళ్ళు వేసిన నింద కాదు, మార్కాపురంలో అతన్ని ఎరిగిన ప్రతివాళ్ళూ చెప్పే మాటే. కుర్చీ వేస్తే అంచున కూచుంటాడు. మంచం చూపిస్తే పట్టె మీద కూచుంటాడు. సినిమాకు తీసుకుపోతే ఇంటర్వెల్ కాకముందే లేచి వచ్చి, బయట బండ్ల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటాడు. అన్నం ముందు కూచున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది, గిన్నెలో చారు కదులుతూనే ఉంటుంది. అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి సరిపడే పనే ఇచ్చాడు. కరెంటు మీటర్ల రీడింగు తీసే పని. కాంట్రాక్టు ఉద్యోగమే అనుకోండి, అయినా పొద్దున మొదలుపెడితే ఒక్కచోట నిలబడే బాధ ఉండదు. వీధి మొదట్లో బండి ఆపడం, చేతిలో మిషను పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం, అంతే.

ఆ పనిలో ఒక తిరకాసు ఉంది. మీటరు కొన్ని ఇళ్ళలో వీధి గోడకు ఉంటుంది, కొన్నిట్లో వసారాలో, మరికొన్నిట్లో ఏకంగా దేవుడి పటాల పక్కన. ఎక్కడున్నా సరే, కాళ్ళకున్నవి గడప అవతల విడిచి రావాల్సిందే. ఓబులేసు వేసుకునేవి ఎత్తు మడమల లావుపాటి స్పోర్ట్స్ బూట్లు. తెల్లారి కాలేజీ గ్రౌండులో పరిగెత్తేదీ వాటితోనే, పనికి పోయేదీ వాటితోనే. ఇంటింటి ముందూ లేసు విప్పడం, మళ్ళీ ముడి వేయడం ఎవరి వల్ల అవుతుంది? విసుగెత్తి మడమలు తొక్కి ఈడ్చుకుంటూ తిరిగేవాడు. ఆ ఈడ్పుకో, వయసుకో, ఆ బూట్లకో తెలియదు గానీ, ఎండాకాలం మొదట్లో కుడి మడమలో నొప్పి పుట్టింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది.

నొప్పి వస్తే మామూలు మనిషి నాలుగు రోజులు కూచుంటాడు. ఓబులేసు కూచోలేడు. కుదురు లేకపోవడం పుట్టుకతో వచ్చిందే అయినా, అంతకు ముందు చలికాలం నుంచి అది మరీ ముదిరింది. ఆ చలికాలంలో అతని భార్య మల్లీశ్వరికి ఆరో నెలలో కడుపు పోయింది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపది. ఆసుపత్రిలో ఆమె ఇంకా మత్తులో ఉండగానే నర్సు ఆ ఆడపిల్లను తెచ్చి ఓబులేసు చేతుల్లో పెట్టింది. అతనొక్కడే బిడ్డను తీసుకుపోయాడు, మట్టిలో పెట్టాడు, తిరిగొచ్చాడు. ఇంటికి వచ్చాక మల్లీశ్వరి ఒకసారి అడిగింది, పాపను ఎక్కడ పెట్టావని. "ఇప్పుడు అయ్యన్నీ ఎందుకు మల్లీ" అంటూ బండి తాళం వెతుక్కుని బయటికి పోయాడు. ఆమె మళ్ళీ అడగలేదు. ముందు గదిలో కుట్టుమిషను వైపు తిరిగి కూచుంది. జాకెట్లు కుడుతూ, అతనితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడకుండా నెలలు గడిపింది. ఓబులేసు ఇంకా పెందలాడే లేచి ఇంకా ఎక్కువ దూరం పరిగెత్తడం మొదలుపెట్టాడు. చూసేవాళ్ళకు అది వ్యాయామం. మల్లీశ్వరికి మాత్రం ఆ మనిషికి ఏమీ పట్టలేదనే అనిపించేది.

మడమ నొప్పికి మందు చెప్పింది జునైద్. బస్టాండు ఎదురుగా చెప్పుల దుకాణం అతనిది. అతనికీ పొద్దునే గ్రౌండులో పరిగెత్తే అలవాటుంది. కుంటుకుంటూ వచ్చిన ఓబులేసును ఆపి, "అన్నా, రోగం నీ కాల్లో లేదు, నీ బూట్లో ఉంది" అన్నాడు.

"చెప్పులమ్మేటోడివి, నువ్వే ఇట్లంటే ఎట్ల తమ్ముడూ?"

"అమ్మేటోణ్ణి గాబట్టే తెలుసు. ఇదో చూడు, మడమ ఇంతెత్తు. లోపల పరుపు. ముందర వేళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచుంటాయి. పాదం పని అంతా బూటే చేస్తే, పాదానికి బలం ఏడనుంచి వస్తాది?" అని తన కాలు ఎత్తి చూపించాడు. అతను వేసుకున్నవీ బూట్లే, కానీ అట్ట కంటే కాస్త మందంగా ఉంది అడుగు, అంతే. మడమ ఎత్తు లేదు. వేళ్ళు విచ్చుకునేటట్టు ముందు భాగం వెడల్పుగా ఉంది. ఒకటి విప్పి మడిచి జేబులో పెట్టుకుని మరీ చూపించాడు. "మినిమలిస్ట్ షూస్ అంటారన్నా వీటిని. బేర్‌ఫుట్ షూస్ అని గూడా అంటారు."

"బేర్‌ఫుట్ అంటే వట్టికాళ్ళే గదా. వట్టికాళ్ళకు మళ్ళీ బూట్లేంది?"

జునైద్ నవ్వి, సైజు కొలుచుకున్నాడు. బెంగుళూరు నుంచి రావాలి, కొంచెం టైం పడుతుంది. ఈలోగా రోజూ కాసేపు వట్టికాళ్ళతో నడవమన్నాడు. కాసేపే, మెల్లగా, లేకపోతే పిక్కలు పట్టేస్తాయని రెండుసార్లు హెచ్చరించాడు. మెల్లగా అనే మాట ఓబులేసు చెవికి ఎక్కదు. మర్నాటి నుంచే బూట్లు మంచం కింద పడేసి, గ్రౌండుకూ వట్టికాళ్ళే, పనికీ వట్టికాళ్ళే పెట్టాడు. జునైద్ చెప్పినట్టే పిక్కలు రాళ్ళలా బిగుసుకుపోయాయి. తలుపు పట్టుకుని గానీ మెట్టు దిగలేకపోయాడు. కానీ లేసు విప్పే బాధ తప్పింది. పైగా ఎన్నాళ్ళుగానో మరిచిపోయిన సంగతులు కాళ్ళకు తెలిసి వచ్చాయి. తెల్లవారుజామున గ్రౌండు మట్టి చల్లగా ఉంటుంది. ఊరి గనుల నుంచి వచ్చిన పలకరాయి ముక్కలు పడిన చోట జారుతుంది. గడ్డి ఉన్నచోట నేల మెత్తగా లోపలికి పోతుంది. ఓబులేసుకు చాలాకాలానికి సంతోషం కలిగింది, బిడ్డను పోగొట్టుకుని ఇంతలోనే సంతోషమా అని సిగ్గు కూడా కలిగింది.

ఇక ఊరి సంగతి. మన దగ్గర మనిషి చెప్పులు లేకుండా తిరిగితే జనం ఊరుకుంటారా? లేనివాడైతే ఎవరూ చూడరు. ఉద్యోగమూ బండీ ఉన్నవాడు, నున్నగా గీసిన గడ్డంతో, ఇస్త్రీ చొక్కాతో, మండే రోడ్డు మీద వట్టికాళ్ళతో నడుస్తుంటే దానికో అర్థం ఉండి తీరాలి. మొదటిరోజే ఒక ఇంటాయన "రాండి స్వామీ" అని కుర్చీ వేశాడు. తర్వాత తేరుకుని ఓబులేసు మెడ వైపు చూశాడు. మాల లేదు. నల్లబట్టలూ లేవు. మాలలు వేసుకునే కాలమూ కాదు. మాల కాకపోతే మరేమిటి? మొక్కు! మడమ నొప్పండీ అని ఓబులేసు కనీసం పదిమందికి చెప్పి ఉంటాడు. ఒక్కరూ నమ్మలేదు. మడమ నొప్పైతే మెత్తటి ఎమ్సీఆర్ చెప్పులు కొనుక్కుంటారు గానీ, ఉన్నవి విప్పేసే వెర్రివాడు ఎవడుంటాడు? మొక్కు బయటికి చెప్పకూడదు గనుక అబద్ధమాడుతున్నాడని అందరూ మెచ్చుకున్నారు.

చివరి ముడి వేసింది లాల్బీ. ఓబులేసు వాళ్ళుండే ఇంటి యజమానురాలామె, పక్క వాకిట్లోనే ఉంటుంది. పెద్ద ముసలమ్మ. ఒక మధ్యాహ్నం అతను ఇంటి ముందు కాలిపోతున్న బండల మీద కాలు మార్చి కాలు మార్చి నిలబడి ఉంటే పిలిచింది. "ఓబులేసూ, ఏం మొక్కుకున్నావో చెప్పాకు నాయనా. మాలోనూ అంతే, చెప్తే పోతాది. దేనికో నాకు తెల్దా ఏంది? ఆ పిల్ల కడుపు మళ్ళీ పండాల. అల్లా వింటాడులే" అంది.

అప్పుడైనా కాదని ఉండాల్సింది. కానీ అరికాళ్ళు మాడిపోతున్నాయి. "సరేమ్మా" అని నీడలోకి ఒక్క దూకు దూకాడు.

ఆ ఒక్క మాట చాలు. సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి గడప దగ్గర బకెట్లో గోరువెచ్చని నీళ్ళున్నాయి. మల్లీశ్వరి అతన్ని మెట్టు మీద కూచోబెట్టి, ఉప్పు వేసిన ఆ నీళ్ళలో అతని కాళ్ళు పెట్టి, మట్టిపోయేలా తన చేతులతో కడిగింది. పసుపు రాసింది. తల ఎత్తకుండానే, "నేను ఏందేందో అనుకున్నా బావా" అంది. "నీకు ఏం పట్టలేదనుకున్నా. నిన్ను తప్పుగా అనుకుని పాపం మూటగట్టుకున్నా." ఓబులేసు నోరు తెరిచాడు. అరికాలి మీద ఆమె వేళ్ళు కదులుతున్నాయి. అన్ని నెలల తర్వాత ఆమె అతన్ని ముట్టుకోవడం అదే. నోరు మూసుకున్నాడు.

అక్కడి నుంచి అతనికి రెండు బాధలు. ఇంట్లో ఉంటే అబద్ధంతో కలిసి కూచోవాలి, బయట తిరిగితే జనం మర్యాదలు చేస్తున్నారు. మల్లీశ్వరి ఇప్పుడు మాట్లాడుతోంది. అన్నం వడ్డించి పక్కన కూచుంటోంది. గిద్దలూరులో వాళ్ళమ్మకు ఫోన్ చేసి, "మొక్కు తీరినాక నెమలిగుండం గుడికి పోయొస్తామమ్మా" అని చెబుతోంది. ఆ మాట విన్నప్పుడల్లా ఓబులేసు అన్నం సగంలో లేచి, ఎవరో పిలిచినట్టు వాకిట్లోకి పోయేవాడు. చెబితే ఆమె మళ్ళీ ఆ మిషను వైపు తిరిగి కూచుంటుంది. ఈసారి తిరిగితే ఇక ఇటు తిరగదు. అతని భయమంతా అదే. పొద్దున పరుగు ఇంకా పొడుగైంది.

బూట్లు వచ్చాయని జునైద్ ఫోన్ చేశాడు. ఓబులేసు దుకాణంలో తొడుక్కుని బస్టాండు చుట్టూ నడిచి వచ్చాడు, నడక చాలక మళ్ళీ పరిగెత్తి వచ్చాడు. వేళ్ళు ఇరుక్కోలేదు, మడమ కలుక్కుమనలేదు. రాయి రాయిలా తెలుస్తోంది గానీ గుచ్చుకోవడం లేదు. గడప దగ్గర విడవాలంటే కాలు ఇట్టే జారి బయటికి వస్తుంది, లేసూ లేదు, ముడీ లేదు. తన పని కోసమే ఎవరో కుట్టి పంపినట్టుంది. అయితే ఇంటికి ఎలా తీసుకుపోవడం? కాలికి ఏదైనా తొడిగాడంటే మొక్కు చెడినట్టే. విప్పి అట్టపెట్టెలో పెట్టి, "నీ దగ్గరే ఉండనీ తమ్ముడూ" అన్నాడు.

అలా మొదలైంది ఆ దొంగతనం. తెల్లారి జునైద్ బూట్లు తెస్తాడు, ఓబులేసు వేసుకుని పరిగెత్తుతాడు, విప్పి మళ్ళీ అప్పజెప్పి వట్టికాళ్ళతో ఇంటికి పోతాడు. గ్రౌండులో మిగతావాళ్ళు "ఏందన్నా, బూట్లు మర్చిపోయి సాక్సులతో వచ్చినావా" అని ఎగతాళి చేసినా పట్టించుకోలేదు. జునైద్‌కే చిరాకేసింది. "తాగుబోతోళ్ళు సీసా దాచుకుంటారు. బూట్లు దాచుకునేటోణ్ణి నిన్నే చూసినా. వదినకు చెప్పేయన్నా."

"చెప్తే నా మొకం చూడదు."

"చెప్పకపోతే నువ్వామె మొకం చూడగలవా?"

ఓబులేసు ఇంకో చుట్టు పరిగెత్తాడు.

మే నెల వచ్చింది. మార్కాపురం మే గురించి వేరే చెప్పాలా? పొద్దు తిరక్కముందే తారు మెత్తబడుతుంది. ఒక మధ్యాహ్నం ఓబులేసు బండి మీద తమ వీధిలోకి తిరుగుతూ, ఎదురుగా మల్లీశ్వరి దారపు రీళ్ళు కొనుక్కుని వస్తుండడం చూశాడు. నడక తేడాగా ఉంది. కాళ్ళు చూశాడు. చెప్పులు లేవు.

"ఇదేంది మల్లీ?" అన్నాడు బండి ఆపి.

"నీకేనా ఉండేది కాళ్ళు?" అంది ఆమె నవ్వుతూ. "నేనూ మొక్కుకున్నా."

బండెక్కమన్నాడు, ఎక్కలేదు. చెప్పులేసుకోమన్నాడు, వినలేదు. నువ్వు నడవగా లేనిది నేను నడవనా అంది. ఆ తర్వాత రోజులు ఓబులేసు ఎలా గడిపాడో అతనికే తెలియాలి. అతని పాదాలు అప్పటికి కాయ కట్టాయి. నీడపట్టున మిషను ముందు కూచునే ఆమె పాదాలకు ఆ ఎండ ఏం తెలుసు? ముందు ఎర్రబడ్డాయి, తర్వాత బొబ్బలెక్కాయి. ఒకరోజు పలక పెంకు కోసుకుని కుడి పాదం చీరుకుంది. ఆ రోజు ఓబులేసు ఇంటికొచ్చేసరికి లాల్బీ వాకిట్లోనే పట్టుకుంది.

"నీ మొక్కు నువ్వు తీర్చుకో నాయనా. ఆ పిల్లనెందుకు కాల్చుకు తింటావు? పో, పోయి ఆ కాళ్ళు చూడు."

చూశాడు. మల్లీశ్వరి మిషను ముందే కూచుని ఉంది. తడిగుడ్డ మీద రెండు పాదాలూ పెట్టుకుని, తొక్కలేక, చక్రాన్ని చేత్తో తిప్పుతూ కుట్టు వేస్తోంది. గుడ్డ మీద నెత్తురు మరక ఉంది. ఓబులేసు వెనక్కి తిరిగి పోయాడు. ఆమె ఆ వీపు వైపు చూసి, మామూలేగా అనుకుని మళ్ళీ చక్రం తిప్పింది.

అతను పోయింది జునైద్ దుకాణానికి. పెట్టె తెరిచి బూట్లు వేసుకున్నాడు. బండి అక్కడే వదిలేసి, నడివీధిలో, స్వామీ అని కుర్చీలు వేసిన ఇళ్ళన్నిటి ముందు నుంచీ నడిచి వచ్చాడు. చూసినవాళ్ళు చూశారు. గడప దగ్గర విడవలేదు. బూట్లతోనే లోపలికి వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు.

మల్లీశ్వరి చక్రం ఆపింది.

"మొక్కు లేదు మల్లీ" అన్నాడు. "మొదటినుంచీ లేదు. మడమ నొప్పికి విప్పినా. ఇవి వచ్చిందాకా అట్ల తిరగమన్నాడు జునైదు. లాల్బీ అమ్మ ఏదో అనుకునింది, నేను కాదనలా. నువ్వు నా కాళ్ళు కడిగితివి, అప్పుడూ కాదనలా. మళ్ళీ మాట్లాడకుండా పోతావేమోనని భయపడినా. తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి. ఆ కాళ్ళతో ఇంక నడవాకు. లేని మొక్కుకు నువ్వెందుకు నడిచేది?"

ఆమె బూట్ల వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాడు, అరుస్తుందనుకున్నాడు. ఏదీ చేయలేదు.

"నీకు లేదు" అంది. "నాకుంది."

"బిడ్డ కోసమేగదా. డాక్టరమ్మ చెప్పింది గదా, మళ్ళీ అయితాదని. దానికి కాళ్ళు కాల్చుకోవాల్నా?"

"బిడ్డ కోసం గాదు."

"మరి?"

"నువ్వు ఒక్క పూట నా పక్కన కుదురుగా కూచోవాలని మొక్కుకున్నా. కూచోని, పాపను ఏడ పెట్టినావో నాకు చెప్పాలని."

ఓబులేసు కాళ్ళు అప్పటికే వాకిలి వైపు తిరిగాయి. చెయ్యి జేబులో తాళం కోసం తడుముకుంది, తాళం దుకాణం ముందు బండికే ఉండిపోయింది. ఎటైనా పోవచ్చు. వీధి ఉంది, రోడ్డుంది, పరిగెత్తడానికి కాళ్ళకు సరైన బూట్లే ఉన్నాయి. ఈ మొక్కు తీర్చడం దేవుడి చేతిలో లేదు, తన చేతిలోనే ఉంది. మిషను పక్కన, గుడ్డముక్కల మధ్య, నేల మీద కూచున్నాడు.

మల్లీశ్వరి తొందరపెట్టలేదు. వాకిట్లో ఐస్ బండి అతను గంట కొట్టుకుంటూ పోయాడు. ఆ చప్పుడు వీధి చివర దాకా పోయాక ఓబులేసు మొదలుపెట్టాడు.

"తర్లుపాడు రోడ్డులో. పలకల గని దిబ్బలు దాటినాక ఎడం పక్క వేపచెట్టుంది చూడు, దాని కింద. నేనే తవ్వినా. ఎవర్నీ పిలవలా." మోకాలు ఆడటం మొదలైంది. "పొద్దున నేను గ్రౌండులోనే పరిగెత్తుతా అనుకుంటావు గదా. గ్రౌండు అయినాక ఆడికి పోతా. రోజూ పోతా మల్లీ. చెట్టు కనపడతానే వెనక్కి తిరుగుతా. ఒక్కరోజన్నా ఆడ నిలబడలేకపోతి."

ఆమె కుర్చీలోంచి జారి అతని పక్కన కూచుంది. నొప్పికి పళ్ళు బిగబట్టి, కాళ్ళు చాపుకుంది.

"ఏమన్నా చుట్టినావా?" అంది. "చలికాలం గదా అప్పుడు."

"ఆసుపత్రిలో ఇచ్చిన గుడ్డ పల్చగా ఉన్నింది. నా చొక్కా తీసి చుట్టినా."

"మరి నువ్వు?"

"బనీనుతోనే వచ్చినా."

మల్లీశ్వరి అతని మోకాలి మీద చెయ్యి పెట్టింది. "చలి పెట్టలేదా నీకు?" అని అడిగింది.

ఆ చలికాలం నుంచీ చాలామంది ఓబులేసును చాలా అడిగారు. ఆమెకెలా ఉంది, ఆమె తింటోందా, డాక్టరమ్మ ఏమంది అని అడిగారు. ఈ మాట మాత్రం ఎవరూ అడగలేదు. అతను ఆమె భుజం మీద తల పెట్టి, పెద్దగా, వీధిలోకి వినపడేలా ఏడ్చాడు. లాల్బీ ఏమైందోనని గడప దాకా వచ్చి చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి పోయింది.

మోకాలు ఆగిపోయిందని చెప్పను, అది ఆడుతూనే ఉంది. కానీ పొద్దు వాలేదాకా అతను అక్కడి నుంచి లేవలేదు. తర్వాత అతను పోయి బండి తెచ్చాక ఇద్దరూ బయల్దేరారు, తర్లుపాడు రోడ్డుకు. బయల్దేరే ముందు మల్లీశ్వరి గోడ పట్టుకుని నిలబడి, అతని చేత లోపలి నుంచి చెప్పులు తెప్పించుకుని కాళ్ళకు వేసుకుంది.